చెల్లెలికి నడుము, నాకు సంచి

నేనూ మా చెల్లెలూ ఒకే డాక్టరు దగ్గర, ఒకే వారంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాం. ఏం ఖర్మో, దానికి నడుమొచ్చింది, నాకు సంచి వచ్చింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు నా లోపల పేగు మెలికపడింది. నల్లబడిన ముక్క కోసేసి, మిగిలిన పేగు కొసను పొట్టమీదకు తెచ్చి కుట్టారు. దానిమీద సంచి అంటించారు. బయటికి రావాల్సిందంతా అందులోకే, అదీ దానిష్టమొచ్చినప్పుడు. "కొన్ని నెలలేనమ్మా, తర్వాత మళ్లీ లోపల కలిపేస్తాం" అన్నారు డాక్టరు. చెల్లెలు ఆనందపురంలో తన సంసారం వదిలేసి ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చేసింది. సంచి ఖాళీ చేసేదీ, కడిగేదీ, మార్చేదీ అదే. మా ఆయన షిఫ్టుల మనిషి, పైగా వాసన పడదట.

అంత చాకిరీ చేస్తున్న మనిషిని చూసి ఏడవడం పాపమని నాకూ తెలుసు. అయినా ఏడ్చాను. అది బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటే నాకు ఒళ్లు మండిపోయేది. లోకంలో కుక్కా నక్కా చేసే పని, దేవుడు నా ఒక్కదాని దగ్గరే లాక్కున్నాడు. అది కొత్త జాకెట్ తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే, ఆ అద్దం పగలగొట్టాలనిపించేది.

ఇంతలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. ఆ పొద్దున సంచి మారుస్తూ, చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయిన చర్మం చూసి, చెల్లెలు కొబ్బరినూనె రాసింది. మా ఇళ్లల్లో కాలినా, పొక్కినా, గీరుకున్నా ముందు కొబ్బరినూనే. "సల్లగుంటాదక్కా" అంటూ దానిమీదే కొత్త సంచి అంటించింది.

హాల్లో చుట్టాలు మమ్మల్ని చుట్టుముట్టారు. "ఓలమ్మో, ఎంత నాజూగ్గా అయిపోయావే!" ఇది దానికి. "ఏటలా పీక్కుపోయావు? తింతన్నావా లేదా?" ఇది నాకు. తగ్గింది ఇద్దరం ఇంచుమించు ఒకటే. పళ్లు కొరుక్కుంటూ పిల్ల నెత్తిన అక్షింతలు వెయ్యడానికి వంగాను. నూనె మీద సంచి జిగురు ఎక్కడ నిలుస్తుంది? సంచి ఊడిపోయింది, పట్టుచీర తడిసిపోయింది. ముందు వాసన వచ్చింది, తర్వాత నా చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. చెల్లెలు ఎవరిదో తువ్వాలు లాక్కుని నా నడుముకు చుట్టి ఆటో ఎక్కించింది.

ఇల్లు చేరేసరికి నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "కావాలనే రాసావే! నలుగురిలో నాను కంపు కొట్టాల, నువ్వు వెలిగిపోవాల, అంతేగా?"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తడిగుడ్డతో నా పొట్ట తుడుస్తూనే ఉంది.

"నూనె రాయకూడదని తెల్దక్కా, మంటెడతందని రాసాను. కానీ ఇంకోటుంది. సిన్నప్పట్నుంచీ అందరూ నిన్నే సూసేవోరు. నువ్వు లావుగున్నా కళగుండేదానివి, నాను బస్తాలాగుండేదాన్ని. నీకిలాగైందని ఫోనొచ్చినప్పుడు, ఒక్క నిమిసం... ఇంక నన్నే సూత్తారు అనుకున్నాను. ఆ పాపం కడుక్కుందామనే వచ్చాను."

ఆ మాటకు దాని చెంప పగలగొట్టాలి. చెయ్యి లేవలేదు. నిజం చెప్పొద్దూ, నెలల తర్వాత మొదటిసారి నా ప్రాణం కుదుటపడింది. నన్ను చూసి కూడా ఒకరు కుళ్లుకున్నారు! అదీ, నేను చూసి కుళ్లుకుంటున్న మనిషే.

"నాలో ఏటి సూసి?" అన్నాను.

"ఏటంటే?"

"రంగా, జుట్టా? సెప్పవే!"

"కదలకక్కా, కొత్తది అంటుకోదు." సంచి మీద అరచెయ్యి అదిమిపెట్టి, తలెత్తకుండానే అంచు చుట్టూ వేలితో నొక్కింది. తర్వాత అంది: "నవ్వు. నువ్వు నవ్వితే అమ్మ నన్ను మర్సిపోయేది."

నాకు నవ్వు రాలేదు. దాని చేతిమీద నా చెయ్యి వేసి, ఇద్దరం కలిసి గట్టిగా అదిమాం.