ఎనిమిదిలో మూడే నడుస్తాయని రాసిన హవల్దారు

దానియేలన్న ఇక లేడన్న వార్త మొన్న ఆదివారం చర్చి మెట్లు దిగుతుండగా నా చెవిన పడింది. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే కాశిబుగ్గలో తన మెకానిక్ షెడ్డు ముందు నా స్కూటర్ శబ్దం విని తిట్టి పంపిన మనిషి.

సైన్యంలో మాది ఒకే యూనిట్. ఇద్దరం హవల్దార్లం, చెరి ఎనిమిది లారీలకు బాధ్యులం. ఆ రోజుల్లో మాకు ఊపిరాడేది కాదు. ఒక సరిహద్దు నుంచి వచ్చి మూటలు విప్పకముందే ఇంకో సరిహద్దుకు ఉత్తర్వు. సెలవులు రద్దు, విడిభాగాలు రావు. నిద్రలేని డ్రైవర్ కనిపిస్తే అన్న తాళంచెవి లాక్కునేవాడు. "ఆయిల్ లేని బండిని తోల్తమా? మరి నిద్ర లేనోన్ని ఎట్ల పంపుతవ్‌రా?" అని నన్ను కసిరేవాడు.

తనిఖీ రోజున ఒకే మంచి బ్యాటరీని లారీ నుంచి లారీకి మార్చుకుంటూ అన్నింటినీ స్టార్ట్ చేసి చూపడం మాకు రివాజు. నేనూ అదే చేసి, ఎనిమిదీ సిద్ధమని సంతకం పెట్టాను. సత్యనిష్ఠలో రాజీ ఎరుగని అన్న మాత్రం మూడే నడుస్తాయని రాశాడు.

"ప్రమోషన్ ముంగట పెట్టుకొని గిదేందన్నా?" అన్నాను.

"బండ్లల్ల పొయ్యేది మన పోరగాండ్లే కదరా. వాళ్లకేం చెప్తవ్?"

అధికారి మండిపడ్డాడు. అయినా ఆ కాగితం చూశాక అన్న జట్టుకు వేరే యూనిట్ నుంచి ఐదు లారీలు తెప్పించక తప్పలేదు. వారం తిరక్కముందే కదలమన్నారు. అన్న జట్టు క్షేమంగా చేరింది. తోసి స్టార్ట్ చేసుకొని బయల్దేరిన నా లారీలు ఐదు ఇసుకదారిలో ఆగిపోయాయి. నీళ్లు అయిపోయి, నోళ్లు పిడచకట్టి పడి ఉన్న మా దగ్గరికి సాయంత్రం అన్నే నీళ్ల పీపాలతో వెనక్కి వచ్చాడు. అప్పటికే ఒక జవాను ప్రాణం పోయింది.

పైవాళ్లు ఎండను తప్పుపట్టారు. బ్యాటరీల సంగతి నేను దాచాను. అన్న నన్ను పక్కకు పిలిచి, "నేను చెప్ప. నువ్వే చెప్పాలె," అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు సిగ్గుగా ఉండేది, భయం అంతకన్నా ఎక్కువగా ఉండేది.

ఆయన ప్రమోషన్ ఆగిపోయింది. అది నాకు వచ్చింది. ఆయన హవల్దారుగానే ఇల్లు చేరాడు.

సమాధుల తోటలో "సుబేదార్ సాబ్, రెండు మాటలు చెప్పుండ్రి" అని నన్ను ముందుకు పిలిచారు. ఆయన నిజాయితీని వేనోళ్ల పొగిడాను. లారీల సంగతి అక్కడా చెప్పలేకపోయాను. ఆ నిష్కళంకుడి స్మృతికి చేతులు జోడించి ఇప్పుడు చెబుతున్నాను: ఆ సంతకం నాది, ఆ జవాను చావు నా వల్లనే. ఇన్నేళ్లు దీనికోసం ఎదురుచూసిన మనిషి మాత్రం వినడానికి లేడు.