శేఖర్ పెట్టె లోపలికి వెళ్లింది, నేను వెళ్లలేదు

మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండి పోదామని జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ వచ్చినవాణ్ణి. డిటెన్షన్ సెంటర్‌కు దారి కనుక్కోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇండియన్ షాపులో పరిచయమై, వారానికోసారి నన్ను డాన్యూబ్ ఒడ్డున నడిపించే జగిత్యాల కుర్రాడు శేఖర్‌ని పోయిన వారం అక్కడ పెట్టారు. మాస్టర్స్ మధ్యలో ఆగింది, వీసా గడువు దాటింది, స్టేషన్‌లో తనిఖీకి దొరికాడు. ఎల్లుండి విమానం ఎక్కించి పంపేస్తారు. వాళ్లమ్మకు మాత్రం సెలవు మీద వస్తున్నానని చెప్పాడు. సెలవు మీద వచ్చేవాడు ఉత్త చేతులతో దిగడు కదా. కానీ అతని సూట్‌కేసు గదిలోనే ఉండిపోయింది.

రూమ్మేట్లు దాన్ని ముచ్చటగానే సర్దారు. చాక్లెట్లు, తమ్ముడికి జాకెట్, అమ్మకు దోసెల పెనం. కొక్కేం త్రాసుకు తగిలించి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా ఇరవై మూడు కిలోలు తేల్చారు. మా గుమ్మం దాకా మోసుకొచ్చి అక్కడ ఆగిపోయారు. ఒకడికి వీసా రెన్యువల్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉందట, ఇంకొకడికి కొత్త ఉద్యోగమట. సెంటర్ గేటు దగ్గర పేరు రాసుకుంటే ఏమవుతుందోనని భయం. మా అల్లుడైతే "మావయ్యా, ఇక్కడే స్థిరపడటానికి మా పీఆర్ ఫైలు ఇప్పుడే పెట్టాం" అని చెప్పి లాప్‌టాప్‌లో తల దూర్చాడు. లోపల పెట్టింది ఒకణ్ణి, బయట బిగుసుకుపోయింది ఇంతమంది. నాకు ఒళ్లు మండింది. నాకు తిరుగు టికెట్ ఉంది, నన్నేం పీకుతారు, నేనే వెళ్తానన్నాను.

ఆ సెంటర్ ఉన్న ఊరి పేరు రాయను. మీకు అవసరం పడితే లాయరే చెబుతాడు, పడకూడదనే కోరుకుంటాను. రీజినల్ రైళ్లకు చెల్లే డే టికెట్ ఒక్కడికి ముప్పై యూరోల పైమాట. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది దాటాకే చెల్లుతుంది. మొదటి రైలు సమయానికే వస్తోందని బోర్డు చివరి నిమిషం దాకా నమ్మించి, ఆ తర్వాత రద్దయిందని చెప్పింది. రెండోది గంట తర్వాత వచ్చింది, దాంట్లో నిలబడే చోటుంది, పెట్టెకు లేదు.

ఇంగోల్‌స్టాట్ చుట్టూ పాత కోటలున్నాయి. ఒకదాని సంగతి ఫోన్‌లో తర్జుమా చేసుకుని చదివాను. వందేళ్ల కిందట తూర్పు దేశాల నుంచి వచ్చినవాళ్లను, ఎక్కువగా యూదులను, వెళ్లగొట్టేదాకా అందులో ఉంచేవారట. నేనిప్పుడు వెళ్తున్నది కోట కాదు, పాత జైలు. ఇది శిక్ష కాదు, పంపేదాకా ఉంచడమేనని చట్టం చెబుతుంది. గోడ మాత్రం శిక్షకు కట్టినదే.

స్టేషన్ నుంచి పావుగంట నడక, చక్రాల పెట్టెకు రాళ్ల బాట. గేటులో అద్దం వెనక మీసాలాయన పాస్‌పోర్ట్ అడిగాడు. లామినేషన్ చేయించిన జెరాక్స్ దర్జాగా అందించాను. ఏలూరులో నలభై ఏళ్లు జెరాక్స్ షాపు నడిపినవాణ్ణి. వచ్చిన ప్రతి కాగితం చదివేవాణ్ణి, వీలునామాల నుంచి ఇంజనీరింగ్ నోట్సు దాకా నా చదువంతా ఆ మెషీన్ దగ్గరే. ఒరిజినల్ బీరువాలో, కాపీ జేబులో. ఇదీ మన పద్ధతి.

"ఇది కాపీ" అన్నాడాయన ఇంగ్లీషులో.

"కలర్ కాపీ" అన్నాను.

"అసలుది ఎక్కడ?"

"ఇంట్లో, భద్రంగా ఉంది."

"లోపలున్నవాళ్లలో చాలామంది ఇదే చెబుతారు" అన్నాడు, నవ్వకుండా.

ఆధార్ కూడా తీశాను. దాన్ని తిప్పి చూసి మర్యాదగా వెనక్కిచ్చాడు. అమ్మాయికి ఫోన్ చేస్తే మీటింగులో ఉంది. తను బయల్దేరి వచ్చేసరికి విజిటింగ్ అవర్స్ అయిపోతాయి. బతిమాలాను, విసుక్కున్నాను, వయసు చెప్పాను. చివరికాయన లోపలికెక్కడికో ఫోన్ చేసి పెట్టె ఒక్కటీ తీసుకున్నాడు. మిషన్‌లోంచి పంపి, పెనం బయటకు తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. పెట్టెకు పాస్‌పోర్ట్ అక్కర్లేకపోయింది.

తిరుగు రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఈ దేశపు ఆలస్యం ఒక్కసారి నాకు పనికొచ్చింది. ప్లాట్‌ఫారం మీదుండగానే ఫోన్ మోగింది. లోపల కెమెరా లేని ఫోన్ ఇస్తారు, దాన్నుంచి శేఖర్.

"మీరొస్తరని గడ్డం గీసుకొని కూసున్న అంకుల్. రానియ్యలేదంట గదా."

నా తెలివి గురించి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. పెట్టె అందిందా అని అడిగాను.

"అందింది. మస్తు బరువుంది. ఎయిర్‌పోర్ట్‌ల మా అమ్మ పట్టుకొని, ఇంత బరువేందిరా అంటది." తర్వాత తనే అన్నాడు, "గంతే అడగాలె అంకుల్. ఇంకేం అడగొద్దు."

ఇంత చట్టం, ఇంత గోడ, ఇన్ని తాళాలు కలిసి ఒక కుర్రాణ్ణి ఏం చేశాయంటే, వాళ్లమ్మ అడిగే ప్రశ్నకు భయపడేలా చేశాయి. అది ఏ లెక్కలోకీ రాదు. ఆ భయాన్ని మోయడానికి మనకు తెలిసిన ఉపాయం ఇరవై మూడు కిలోల సామాను. రైల్లో నా ఖాళీ చేతులు చూసుకుంటూ ఇంటిదాకా వచ్చాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్లండి, జెరాక్స్‌వాణ్ణే చెబుతున్నాను. మీకోసం అక్కడ ఒకడు గడ్డం గీసుకుని కూర్చుని ఉంటాడు.