నల్లమలలో తప్పిపోయిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం మా మేనకోడలు పిల్లలతో మల్కాజ్‌గిరిలోని మా ఫ్లాటుకు వచ్చి, సెలవులకు నల్లమల అడవిలో గుడారాల్లో ఉండి వచ్చామంటూ ఫోనులో ఫొటోలు చూపించింది. గుడారంలో మంచం, మంచం పక్కన ఫ్యాను, అద్దం కూడా ఉన్నాయి. చాలా బాగుందన్నాను గానీ, వాళ్ళు వెళ్ళాక దీపం వెయ్యడం కూడా మరిచి కిటికీ దగ్గరే ఉండిపోయాను.

నేను గుంటూరు వైపు నుంచి టీచరు ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చిన తొలి సంవత్సరాలు గుర్తొచ్చాయి. అమ్మానాన్నా అప్పటికే లేరు, అన్నయ్య సంసారం అన్నయ్యది. అందుచేత దసరా సెలవులొస్తే హాస్టల్లో అందరూ పెట్టెలు సర్దుకుని స్టేషనుకు పరుగులు తీస్తుంటే, ఖాళీ వరండాలో నేనూ వంటామె మిగిలేవాళ్ళం. అది చూసే కాబోలు, మా బడి డ్రిల్లు టీచరు, రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి, నాకన్నా చాలా పెద్దది, ఒక ఏడాది పెద్ద తరగతుల పిల్లల్ని అడవిలో క్యాంపుకు తీసుకెళుతూ నన్నూ రమ్మంది.

మన్ననూరు దాటాక బస్సు దిగి, అడవిశాఖ వాళ్ళ బంగళా పక్కన ఖాకీ గుడారాలు వేశాం. మేకులు దిగని చోట తాళ్ళను బండరాళ్ళకు కట్టాం, మూడు రాళ్ళ పొయ్యి మీద పొగ వాసన వేసే అన్నం వండుకున్నాం. పిల్లలు పాటలు పాడుతుంటే వాళ్ళ మధ్యే కూర్చుని కూడా, నేను ఎవరింటి పెళ్ళికో పిలవకుండా వచ్చినట్టు ముడుచుకుని ఉండేదాన్ని.

మర్నాడు భోజనాలయ్యాక కొందరు వాగుకు, కొందరు మంచె ఎక్కి జంతువుల్ని చూడటానికి బయలుదేరారు. తెల్లటి పొడుగు తోక పిట్ట ఒకటి కనబడితే నేను ఆగి, దాని వెంట నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగేసరికి చుట్టూ వెదురు తప్ప బాట లేదు. పిలిచాను, ఎవరూ పలకలేదు. పులి భయం లేకపోలేదు కానీ, అంతకన్నా భయపెట్టిన ఆలోచన మరొకటుంది: నేను తిరిగి వెళ్ళకపోతే హాస్టల్లో నా మంచం ఇంకొకరికిస్తారు, బడికి మరో టీచరు వస్తుంది, అంతే కదా అనిపించింది. ఏడుస్తూ తిరిగి తిరిగి, చివరకు నీళ్ళ చప్పుడు విని, వాగు గట్టునే నడిచి పొద్దువాలుతుండగా గుడారాలు చేరాను.

అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు. లెక్కల టీచరు నన్ను చూసి, ఎక్కడికెళ్ళారండీ, ఈ ఉల్లిపాయలు కాస్త తరగండి అంది. వాగుకు వెళ్ళినవాళ్ళు నేను మంచె దగ్గర ఉన్నాననీ, మంచె దగ్గరివాళ్ళు వాగు దగ్గర ఉన్నాననీ అనుకున్నారట. పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు గానీ టీచర్లను ఎవరు లెక్కపెడతారు? కత్తిపీట ముందు కూర్చున్నాను.

అప్పుడు వెదురు పొదల్లోంచి డ్రిల్లు టీచరు వచ్చింది. చీర చిరిగి, చేతుల నిండా ముళ్ళ గీతలు. వెనక అడవి వాచరు. నన్ను చూసి ఆగిపోయి, బొంగురుపోయిన గొంతుతో విరుచుకుపడింది.

"ఏందమ్మా, గిట్ల జేస్తవా? జెర చెప్పి పోతే ఏమైతది? ఎంత పరేషాన్ జేసినవ్!"

"దారి తప్పానక్కా" అన్నాను. అప్పటిదాకా ఆమెను మేడమ్ అనే పిలిచేదాన్ని.

ఆమె మొహం తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది. "సరే తియ్. ఏమన్న తిన్నవా?" అంది.

ఆ తరువాత క్యాంపులో పిల్లల హాజరు వేసినప్పుడల్లా ఆఖరున నా పేరు కూడా పిలిచేది. పిల్లలు పగలబడి నవ్వేవారు, నేను మాత్రం నిజంగానే పలికేదాన్ని. అలా కొన్ని దసరాలు కలిసి వెళ్ళాం. తరువాత అక్క ఆలస్యంగా పెళ్ళి చేసుకుని, భర్తకు బదిలీ అయితే ఉత్తరాదికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, ఆనక అవీ ఆగిపోయాయి. ఆమె లేకుండా ఒక్క ఏడాది నేనే పిల్లల్ని తీసుకెళ్ళాను. ఏ లోటూ జరగలేదు, అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. అయినా మళ్ళీ వెళ్ళాలనిపించలేదు.

ఇప్పుడక్కడ జీపులున్నాయి, దారి పొడవునా బోర్డులున్నాయి, మనిషి తప్పిపోయే వీలే లేదని మేనకోడలు ధీమాగా చెప్పింది. వచ్చే సెలవులకు నన్నూ తీసుకెళ్తానంది. మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. అడవిదేముంది, అది అక్కడే ఉంది. నేను కనబడలేదని పొద్దువాలేదాకా గొంతు పోయేలా పిలుస్తూ ముళ్ళల్లో తిరిగిన మనిషి ఎక్కడుందో, అసలు ఉందో లేదో, నాకు తెలియదు.