ఇద్దరు కూర్చుంటేనే వచ్చే శబ్దం

మోజెస్ బావ ఇక లేడు.

నిన్న పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర నిలబడ్డాను. బావ కారులో వచ్చి నన్ను ఎక్కించుకోవాలి, ఇద్దరం సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాలి. ఫోన్ మోగింది. స్క్రీన్ మీద బావ పేరు.

"ఏటి బావా, రాత్రి బండికి సార్జింగ్ పెట్టడం మరిసిపోనావా?" అన్నాను.

బావ కాదు. రూతక్క. బావ భార్య.

"తమ్ముడూ... మీ బావ లెగడం లేదురా."

హార్ట్ ఎటాకట. నిద్రలోనే.

కాసేపటికి తేరుకుని మన చర్చి బ్యాచ్‌లో ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒక్కడూ నమ్మలేదు.

"పొద్దున్నే ఇలాటి జోకులేటిరా రమణా, సిగ్గునేదా?" అని ఒకడు ఫోన్ పెట్టేశాడు. ఇంకొకడు నవ్వాడు. పేర్లు రాయను. చదువుతున్నారుగా, ఎవరో మీకే తెలుసు.

మిమ్మల్ని అనుకుని ఏం లాభం! లేని పెళ్ళికి మీ అందరినీ సూట్లు వేయించి భీమిలి బస్సెక్కించినవాణ్ణి. పాస్టర్ గారు గ్రూపులో పెట్టాక గానీ మీకు ఏడుపు రాలేదు.

అప్పటిదాకా బ్యాచ్ మొత్తంలో బావ పోయాడని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఎవరితో ఏడవాలో తెలియలేదు.

బావ ఎలక్ట్రిక్ కారు మీ అందరికీ గుర్తే కదా. స్టీల్ ప్లాంట్ రోలింగ్ మిల్లు మోతలో బతుకంతా గడిపిన మనిషి. చప్పుడు చేయని బండి కావాలని ముచ్చటపడి కొనుక్కున్నాడు.

కొన్నాళ్ళకి దాని ముందు ఎడమ చక్రం వైపు శబ్దం మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగుతూ స్టీరింగ్ తిప్పితే టక్. పెట్రోల్ బండైతే ఇంజిన్ మోతలో కలిసిపోయేది. ఇందులో పంటి కింద రాయిలా వినిపించేది.

సర్వీస్ సెంటర్ వాళ్ళు లింక్ రాడ్ మార్చారు. బుష్‌లు మార్చారు. ప్రతిసారీ వాళ్ళ మనిషి ఒక్కడే ఓ రౌండు కొట్టొచ్చి "ఏం లేదు సార్, నార్మల్" అనేవాడు. ఆఖరికి "మిల్లులో పని కదా సార్, ఒకసారి చెవులు చూపించుకోండి" అన్నాడు.

రూతక్కదీ అదే మాట. అక్క ఎప్పుడూ వెనక సీటే. ముందు కూర్చుంటే పోర్టు రోడ్డు లారీలన్నీ మీదికొస్తున్నట్టు ఉంటుందట. "మోతలో పని సేసి సేసి, ఆయన సెవుల్లోనే మోత ఉండిపోనాది తమ్ముడూ" అనేది.

"లేదక్కా, నానూ ఇన్నాను, ఒట్టు" అన్నాను.

అక్క నవ్వింది. "నీ ఒట్టేనా?"

బావకి ఉన్న ఒకే ఒక్క సాక్షిని నేను. నా పరపతి అది.

అక్కడితో పోతే బాగుండేది. చర్చిలో పాటలకి కీబోర్డు వాయించేది బావే. చెవుల మాట వచ్చాక దాన్ని ముట్టుకోవడం మానేశాడు. "నాకే డౌటొత్తంది బావా. శ్రుతి తప్పినా నాకు తెలుత్తాదో లేదో" అన్నాడు. నేను జోకు వేయలేకపోయిన సందర్భాలు తక్కువ. అదొకటి.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం ఆ శబ్దం కోసం వేటకి వెళ్ళేవాళ్ళం.

మొన్న ఆదివారం భీమిలి రోడ్డులో నేను కారు దిగి, నడుం వంచి, చక్రం దగ్గర చెవి పెట్టి పక్కనే నడిచాను. బావ మెల్లగా నడిపాడు. చేపల బుట్టతో పోతున్న ఓ ముసలమ్మ ఆగి మరీ చూసింది, "బండికి జొరమొచ్చిందేటి బాబూ?" అని.

శబ్దం రాలేదు. ఎక్కి కూర్చున్నాను. టక్.

మళ్ళీ దిగాను, లేదు. ఎక్కాను, టక్.

"బండి బానే ఉందిరా బావా, నీ పొట్టే అరుత్తంది!" అని బావ స్టీరింగ్ మీద పడి నవ్వాడు.

నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగిపోయాడు. నన్ను ఎడమ సీట్లోంచే వంగి స్టీరింగ్ తిప్పమని, తను రోడ్డు మీద మోకాళ్ళేసి, లోపలికి చెయ్యి పెట్టి స్ప్రింగు పట్టుకున్నాడు. టక్ అన్నప్పుడల్లా స్ప్రింగు చేతిలో ఎగిరింది. స్ప్రింగు పైనుండే బేరింగు తిరక్కుండా పట్టేస్తోంది. ఎడమ సీట్లో మనిషి బరువు పడితేనే పట్టేస్తోంది. సర్వీస్ సెంటర్ వాడు లిఫ్ట్ మీద ఎత్తి చూసినా, ఒక్కడే నడిపి చూసినా ఇంకెక్కడ దొరుకుతుంది!

"రేపు నువ్వు రావాల బావా. నువ్వు కూకుంటేనే ఇది నోరిప్పుద్ది" అన్నాడు. దారంతా డాష్‌బోర్డు మీద వేళ్ళతో పాట వాయిస్తూనే ఉన్నాడు. "వొచ్చే ఆదివారం కీబోర్డు నానే, సూడు."

ఆ రేపు నిన్న.

ఈరోజు మధ్యాహ్నం బావని సమాధి చేశారు. బావ కారు నేను నడిపాను. వెనకంతా చుట్టాలు నిండిపోవడంతో రూతక్క మొదటిసారి ముందు సీట్లో కూర్చుంది. గాజువాకలో వాళ్ళ వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దిగి ఎడమకి తిప్పాను.

టక్.

అక్క నా వైపు తిరిగింది.

"ఇదేనా తమ్ముడూ?"

"ఇదేనక్కా."

ఇంటి ముందు ఆపాక అక్క అంది, "ఆయన సెవులు బానే ఉన్నాయిరా." అని, డాష్‌బోర్డు మీద తల ఆనించి ఏడ్చింది.

అందర్నీ దింపాక, బండి పార్క్ చేద్దామని వీధి చుట్టూ తిప్పుకొచ్చాను. అదే స్పీడ్ బ్రేకర్, అదే మలుపు.

ఏ శబ్దమూ రాలేదు. పక్క సీటు ఖాళీ.

ఈ కారు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

బావా, అక్క కూడా ఇన్నాది. ఇంక సాలు, ప్రభువు దగ్గర నిమ్మళంగా పడుకో. అక్కడ ఏ సప్పుడు ఇనపడినా నానొచ్చేదాకా ఎవుడికీ సెప్పకు. ఒక్కడివే సెప్తే నమ్మరు.