ఎడారిలో ఏరేటర్ల చప్పుడు

ఆ ప్రయాణం కబురు ముందుగా నాకు తెచ్చింది మా సుగుణక్క. ఆమె నా తోడికోడలు, పెద్దామె. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్ళో పక్కపక్క ఇళ్ళలోనే ఉంటాం. నేను దేవుడి పటాలకు పూలు మారుస్తుంటే గుమ్మంలో నిలబడి, "పారతీ, మీ బావకి మతి పోయినట్టుండాది. ఎడారి చూడాలంట. నీళ్ళు లేని చోటు భూమ్మీద ఒకటన్నా ఉండాదా లేదా చూసొస్తాడంట" అని నవ్వింది.

దెయ్యాలు, గాలి, ధూళి లాంటివి నేను ఎప్పుడూ నమ్మలేదని ముందే చెప్పాలి. నేను బడికి పోలేదు. మా నాయన పొలం నుంచి వచ్చాక కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, దేవుడి పుస్తకాలు చదవడం నేర్పాడు. "దేవుణ్ణి నమ్మినోళ్ళకి దెయ్యాలతో పనేందమ్మా" అనేవాడు. నాకూ ఆ మాటే నిలిచిపోయింది. ఇప్పుడు రాసేది కూడా దెయ్యం సంగతని అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా బావగారి పేరు రమణయ్య. ఆయన వయసంతా రొయ్యల గుంటల గట్ల మీదే గడిచింది. రొయ్యలకు గాలి అందాలంటే గుంటలో ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. వాటి చక్రాల రెక్కలు నీళ్ళను తపతపా కొడుతుంటాయి. కరెంటు పోతే జనరేటరు వేయాలి. ఏళ్ళ తరబడి ఆ జనరేటరు షెడ్డులో పడుకుని పడుకుని ఆయన చెవులు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటే, అదీ గట్టిగా మాట్లాడితే, వినపడుతుంది. లేకపోతే భుజం తట్టాల్సిందే. "నేనేం తిట్టినా ఆయనకి దీవెనే" అని సుగుణక్క అందరికీ చెప్పుకుంటుంది.

రొయ్యలు పట్టేసి, గుంటలు ఎండగట్టిన రోజుల్లో నలుగురం బయలుదేరాం. మా ఆయనకు కృష్ణపట్నం పోర్టులో పని. అక్కడి ఉత్తరాది వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయనకు హిందీ పట్టుబడింది. ఆ ధైర్యంతోనే రైళ్ళు మారి జైసల్మేరు చేరి, ఒక కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మోహన్‌లాల్, మీసాలు మెలేసిన పెద్దమనిషి. అక్కడే పుట్టి పెరిగాడు. సముద్రం ఎలా ఉంటుందో చూడనే లేదట.

మొదటి రోజే లోపలికి ఇసుక పోయి బావగారి చెవి మిషను మూగబోయింది. సుగుణక్క దాన్ని చేతిరుమాల్లో చుట్టి, కళ్ళద్దాల డబ్బాలో పెట్టి, తన సంచిలో వేసుకుంది. అది నా కళ్ళతో చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇసుక దిబ్బల వైపు పోతున్నాం. ఎండ కాస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఎదురుగా నేల నుంచి ఆకాశం దాకా ఇటుక రంగు గోడ లేచింది. మోహన్‌లాల్ గబగబా కారును పల్లంలో ఉన్న రెండు చెట్ల కిందికి దించి ఆపాడు. ముందు ఇసుక గాలి, దాని వెనకే వడగళ్ళు. ఒక్కొక్కటీ నిమ్మకాయంత. ముందు అద్దం పగుళ్ళిచ్చింది. వడగళ్ళు తగ్గాక వాన పట్టుకుంది.

మేం తుఫాన్లు ఎరగని వాళ్ళం కాదు. అయినా ఎడారిలో అంత వానా? "వాయుగుండం గూడా మన రైల్లోనే వచ్చినట్టుండాదే" అన్నారు మా ఆయన. భయంలోనూ నవ్వొచ్చింది.

ఎవరూ దిగొద్దు, కారులో ఉంటేనే క్షేమం అన్నాడు మోహన్‌లాల్. సబబుగానే తోచింది. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

అప్పుడు బావగారు తల పైకెత్తారు.

"ఏరేటర్లు ఆడతా ఉండాయి. ఎవరో గుంటలేసినారు ఈడ."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు వాన హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఒకదానికి రెక్క ఊడింది" అన్నారాయన, చేత్తో తొడ మీద కొట్టి చూపిస్తూ. "తపతప తపతప అని, మధ్యలో ఒక దెబ్బ తప్పతా ఉండాది. అట్టే ఆడితే మోటారు కాలిపోతాది. పాపం, రొయ్య చచ్చిపోతాది. పోయి చెప్పొస్తా."

"పక్కనుండే పెళ్ళాం మాట వినపడదు గానీ, యాడో రెక్క ఊడింది వినపడిందంట ఈ మనిషికి! గమ్మునుండయ్యా!" అని సుగుణక్క చొక్కా పట్టుకుంది. ఆ మాటా ఆయనకు వినపడలేదు. చొక్కా విడిపించుకుని, తలుపు తీసుకుని వానలోకి దిగిపోయారు.

చెవులు వినపడని మనిషిని వెనక నుంచి పిలిచి ఆపలేం కదా. పట్టుకు రావడానికని మా ఆయన దిగారు, వెనక సుగుణక్క, ఆమె వెనక నేను. అందరికన్నా చివర మోహన్‌లాల్ సీటు మీది గుడ్డ తలకు కప్పుకుని, వాళ్ళ భాషలో మమ్మల్ని తిడుతూ వచ్చాడు. బావగారు మాత్రం తిన్నగా ఎగువకు నడుస్తున్నారు. మధ్యలో ఆగి, తల పక్కకు వంచి విని, కొంచెం తిరిగి మళ్ళీ నడక. "రండి, రండి! గుంటుంటే గట్టుంటాది, గట్టుంటే కాపలా గుడిసుంటాది" అంటూ, సొంత గుంటల మీదికి చుట్టాలను పిలుచుకుపోతున్నట్టు మమ్మల్ని పిలిచారు.

మెరక వచ్చింది. దాని మీద గుడిసె కూడా ఉంది. మట్టి గోడలు, గడ్డి కప్పు. గుంట మాత్రం లేదు. కరెంటు స్తంభం కూడా కనపడలేదు.

గుడిసె తలుపు తెరుచుకుంది. ఎర్రటి ముసుగు వేసుకున్న ఒక పెద్దావిడ మా అయిదుగురినీ చూసింది. ఒక్క మాట అడగలేదు. నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

గుమ్మంలో నిలబడి వెనక్కి చూస్తే, మేం వదిలొచ్చిన పల్లంలో ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. చెట్లు సగం దాకా మునిగాయి. కారు పక్కకు ఒరిగి, కొంత దూరం కొట్టుకుపోయి, దేనికో తట్టుకుని ఆగింది. మోహన్‌లాల్ తల పట్టుకుని కూలబడ్డాడు. నా చేతులు వాటంతట అవే జోడయ్యాయి. సుగుణక్క బావగారి గుండెల మీద గుద్దుతూ ఏడ్చింది. "గమ్మునుండమంటే దిగతావా? ఇంకోసారి దిగతావా?" అంటుంటే ఆయన, "ఏంది? ఏమంటా ఉండావు?" అని అడిగారు. ఏడుస్తున్నదల్లా పకపకా నవ్వేసింది.

ఆవిడ పేరు ధాపూ. భర్త కూలి పనికి దూర దేశం పోయాడట. రెండు మేకలతో ఒక్కతే ఉంటోంది. పొయ్యి రాజేసి మేకపాలు కాచింది, సజ్జ రొట్టెలు చేసి పెట్టింది. వడగళ్ళకు గుడిసె కప్పు ఒక వైపు చిల్లులు పడి, వాన లోపలికి కారుతోంది. మమ్మల్ని పొడిగా ఉన్న వైపు కూర్చోబెట్టి, తను మేకలతో పాటు తడి వైపు కూర్చుంది. జరిగి చోటిస్తామన్నా ఒప్పుకోలేదు.

బావగారికి ఇంకా ఆ రెక్క బెంగ తీరలేదు. గుంటలు ఎక్కడో అడగమని ప్రాణం తీస్తుంటే, మా ఆయన మోహన్‌లాల్ చేత అడిగించారు. ధాపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాగే నీళ్ళకే చాలా దూరం పోవాలట. చుట్టుపక్కల మోటారు గానీ, పిండి మర గానీ, కరెంటు గానీ లేవని చెప్పింది.

అప్పుడు మోహన్‌లాల్ మెల్లగా ఒక సంగతి బయటపెట్టాడు. తనకూ చప్పుడు వినపడిందట. ఏదో మర ఆడుతోందనుకున్నాడట. ఎలా ఉందో చూపించమంటే, ఖాళీ పళ్ళెం బోర్లించి వేళ్ళతో కొట్టాడు. తపతప తపతప, మధ్యలో ఒక దెబ్బ తప్పి, మళ్ళీ తపతప. బావగారు పళ్ళెం మీద అరచెయ్యి ఆనించి, మొహమంతా వెలిగిపోతూ, "అదే! రెక్క ఊడింది దానికే!" అన్నారు.

నేను లేచి గుమ్మం దగ్గరికి పోయి చెవి రిక్కించాను, నాకు వాన హోరే వినపడింది.

వాన వెలిశాక మోహన్‌లాల్ ఫోను చేస్తే, అతని బంధువులు ట్రాక్టరులో వచ్చి మమ్మల్ని తీసుకుపోయారు. ఆయన కారు బాగైంది. సముద్రం చూడటానికి వస్తానని ఇప్పటికీ ఫోనులో మాట్లాడుతుంటాడు.

నెల్లూరులో చెవుల డాక్టరును అడిగాం. వినికిడి పోయిన చెవుల్లో లేని చప్పుళ్ళు పుట్టడం మామూలేనన్నారు. కావచ్చు. మరి మోహన్‌లాల్ చెవులకు ఏమైంది? బావగారు తొడ మీద కొట్టి చూపించింది చూసి, తనూ విన్నానని భ్రమపడ్డాడేమో అని మా ఆయన అంటారు. అదీ కావచ్చు. ఆ చప్పుడు మెరక వైపు నుంచే ఎందుకు వచ్చిందంటే మాత్రం పేపరు అందుకుంటారు. బావగారికి ఏ సందేహమూ లేదు. "ఎవరో గుంటలేసినారు. వానలో మనకి కనపళ్ళా, అంతే" అంటారు.

నాకు ఇప్పటికీ తెలియదు. తెలియని దాన్ని దేవుడికి వదిలేసి, రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. అయితే ఆ చప్పుడు ఏదైనా, మమ్మల్ని తలుపు దాకానే తెచ్చింది. ఆ తలుపు తీసింది ధాపూ. ఆమెకు ఫోను లేదు. మేం ఇల్లు చేరామని కూడా ఆమెకు తెలియదు. ఇది చదివిన వాళ్ళు ఈ పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు ధాపూ పేరు ఒక్కసారి తలుచుకోండి. ఆమె ఇంటి కప్పు రెండు వైపులా పొడిగా ఉండాలని కోరుకోండి.