జయశీల తెల్లచీర

లక్డారం చర్చిలో జయశీల చీరంత తెల్లటి చీర ఇంకొకటి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. శనివారం దాన్ని కోడలి చేతికి కూడా ఇవ్వదు. తనే ఉతికి, నీలిమందు పెట్టి, డాబా మీద ఆరేసి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పిట్ట వాలబోయినా అదిలిస్తుంది. ఊరవతల దవాఖానాల చెత్త కాల్చే కంపెనీ పొగగొట్టాన్ని మాత్రం ఏమీ చేయలేక గుర్రుగా చూస్తుంది. మొన్న, ఆడవాళ్లంతా తెల్లచీరల్లో వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆదివారానికి ముందురోజు గాలి ఇటు తిరిగింది. కాలిన ప్లాస్టిక్ వాసనతో నల్లటి పొగ దిగి, చీరంతా మసి చుక్కలు పడ్డాయి.

"ఇయ్యుర్రి అత్తమ్మా, జల్దీ ఉతికేస్త," అంది కోడలు క్లారా.

"వద్దు బిడ్డా. ఇది ఉతికితే వాళ్ల పాపం నేను కడిగినట్టయితది."

మర్నాడు ఆ చీరే కుచ్చిళ్లు సరిచేసి కట్టుకుని, ముందు వరసలో నిటారుగా కూర్చుంది.

"ఏందక్కా, గిట్లొచ్చినవ్?" అంది పాస్టరమ్మ.

"చీర మీద పడ్డది కనిపిస్తున్నది. మన లోపలికి పోయింది ఎవరికి కనిపిస్తది?"

ప్రార్థన కాగానే జయశీల తలెత్తుకుని కంపెనీ గేటు దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే, చర్చి గుమ్మం నుంచి తన వెనకే కదిలిన తెల్లచీరలన్నీ కనిపించేవి.