సాంచాలు నడిచేటప్పుడు

వేసవి సెలవుల తర్వాత మా కాలేజీ కంప్యూటర్ ల్యాబు తెరిచిన మొదటి రోజు ఒక వాసన వస్తుంది. రెండు నెలలు ఆపివుంచిన కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆన్ చేయగానే లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కుతుంది. సరిగా ఆరని బట్టను ఇస్త్రీ చేస్తే వచ్చే వాసనలాంటిదది. జగిత్యాలలో ఈ ల్యాబు బాధ్యత నా చేతికొచ్చి చాలా ఏళ్లయింది. తోటివాళ్లు ముక్కు మూసుకొని కిటికీలు తెరవమంటారు. నేను మాత్రం అందరూ బయటికి వెళ్లేదాకా ఏదో పనున్నట్టు అక్కడే తిరుగుతాను. ఆ వాసన తగిలితే సిరిసిల్లలో మా ముందుగది గుర్తుకొస్తుంది. మూత విప్పిన కంప్యూటర్, దాని ముందు నేలమీద బాసింపట్టు వేసుకొని, జడ వెనక్కి విసురుకొని కూర్చున్న ఎస్తేరక్క గుర్తుకొస్తుంది.

ఎస్తేరక్కది కోనరావుపేట. అమ్మానాన్నలు కూలిపనికి పోయేవాళ్లు. ఊరి చర్చిలో కీబోర్డు వాయించడం నేర్పుతామంటే, వాయించడం కంటే ముందు దాని లోపల ఏముందో చూడాలని మరలు విప్పి పాస్టరుగారితో చీవాట్లు తిన్నానని తనే పకపకా నవ్వుతూ చెప్పేది. డిగ్రీ పూర్తిచేసి, సిరిసిల్లలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ మా పక్క గదిలో అద్దెకుండేది. ఏదైనా పనిచేయడం మానేస్తే మేమంతా దాన్ని రెండు తట్లు తట్టేవాళ్లం. ఆమె మాత్రం చేతులు కట్టుకొని, "ఏం మారింది?" అనేది. ఫ్యాను ఆగినా అదే ప్రశ్న, పప్పు ఉడకకపోయినా అదే ప్రశ్న. అమ్మకు ఒళ్లు మండేది. "పప్పు ఉడకలేదంటే ఉడకలేదు, దాంట్ల మారుడేంది బిడ్డా?" అనేది. తీరా చూస్తే, ఆ పూట నల్లా రాక బోరునీళ్లు పోసింది అమ్మ.

మా కంప్యూటర్ బాపు పంపిన డబ్బుతో కొన్నది. బాపు ఒకప్పుడు సాంచాల మీద పనిచేసేవాడు. మా దిక్కు మరమగ్గాలను సాంచాలంటారు. పని సరిగా లేక గల్ఫ్‌కు వెళ్లాడు. ఆయన వెళ్లేనాటికి చెల్లె చిన్ని ఇంకా అమ్మ కడుపులోనే ఉంది. నేనేమో అప్పటికే హైస్కూల్లో ఉన్నాను. ఇంత పెద్ద బిడ్డ ఉండగా మళ్లీ కడుపేమిటని వాడకట్టంతా ముసిముసిగా నవ్వింది. అమ్మ ఎవరినీ ఖాతరు చేయలేదు. చిన్ని తన తండ్రిని చూసిందంటే మానిటర్లో చూసిందే. ఆయనకు శుక్రవారం సెలవు. ఆ రోజు తెరమీద బాపు మొహం కనబడగానే చిన్ని అన్నం ముద్ద పట్టుకుపోయి సరిగ్గా ఆయన నోటి దగ్గర అద్దేది. అక్కడ ఆయన నోరు తెరిచి నమిలేవాడు. తెర తుడవడం నా వంతు. అదే ఫోన్లో ఆయన మాట్లాడితే చిన్ని తలతిప్పేసుకునేది. మొహం కనబడని ఆ గొంతు దానికి ఎవరో పరాయివాళ్లది.

మిగతా రోజుల్లో కంప్యూటర్ నాది. నాకు కార్ల పందెం ఆటంటే పిచ్చి. ఎస్తేరక్కకు నాకంటే ఎక్కువ పిచ్చి. మలుపు వస్తే కారుతోపాటు ఆమె కూడా కుర్చీలో వాలిపోయేది. మా పాత మిషనేమో సరిగ్గా మలుపు దగ్గరే నత్తిగా ఆగి ఆగి నడిచేది, అంతలో పక్కకారు దాటిపోయేది. ఒకరోజు నేను విసుగొచ్చి మౌసు బల్లకేసి కొట్టాను.

"దాన్ని కొడితే స్పీడస్తదా పిల్లా?" అంది అక్క. "గీ ప్రాసెసర్‌ను కంపెనోళ్లు ఒక స్పీడుకు కట్టి పంపుతరు. దానికి ఇంకింత బలముంటది. ఎంతున్నదో చూద్దామా?"

"కాలిపోదా అక్కా?"

"తొందరపడ్డోళ్లది కాలుతది. జరంత పెంచాలె, ఆగాలె, చూడాలె. వేడెక్కుతున్నదంటే ఎనుకకు రావాలె. గని ఓల్టేజి మాత్రం పెంచద్దు. పానం తీసేది గదే."

అమ్మ ఒప్పుకోవడమే కష్టమైంది. గడపలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆటలు మీ ఇష్టం. శుక్రారం వాళ్ల బాపు మొఖం కనవడాలె. కనవడకుంటే చిన్నిని నేను ఊకుంచలేను" అంది. "నాది జిమ్మ చిన్నమ్మా" అని పూచీ తనదన్నట్టు ఎస్తేరక్క ఛాతీమీద చేయి పెట్టుకుంది.

ముందు మిషన్‌ను చల్లగా ఉంచే ఏర్పాటు చూడాలంది అక్క. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చిన రకరకాల సామాను దొరికే దుకాణం ఒకటి కోరుట్లలో ఉందని ఆమెకు తెలుసు. తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. షేరు ఆటోలు మారుతూ బయలుదేరాం. దారిలో ఒక ఊరి దగ్గర సమ్మెకు మద్దతుగా వంటావార్పు పెట్టారు, రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగెలు. ఆటో కదలదు. దిగి పంక్తిలో కూర్చున్నాం. పప్పుచారు వడ్డిస్తున్న పెద్దాయన, "ఎటు పోతుండ్రు బిడ్డా?" అని అడిగాడు. కంప్యూటర్‌కు ఫ్యాను కొననీకి పోతున్నమని చెప్పాను. "ఓరినీ! మనకే కరెంటు లేకపాయె, కంప్యూటర్‌కు ఫ్యానా!" అని పంక్తి అంతా వినబడేలా నవ్వి ఇంకో గరిటె పోశాడు. అక్క ఊరుకుంటుందా? "గింతమందికి ఉప్పు ఎట్ల అందాజ ఏస్తరు పెద్దబాపూ?" అని అడిగింది. "ఒక్కపారే ఎవడేస్తడు బిడ్డా? జరంత ఏసుడు, కలిపి నోట్లె ఏసుకొని చూసుడు" అన్నాడాయన. అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "ఇన్నవా? మన పని సుత గిదే" అంది.

కోరుట్లలో మాకు కావలసింది దొరికింది. వేడిని లాగేసే ఎత్తయిన రేకుల దొంతి, దానిమీద పెద్ద ఫ్యాను, ప్రాసెసర్‌కూ రేకులకూ మధ్య పూసే బూడిదరంగు పేస్టు. ఇంటికొచ్చాక నేను పేస్టు ఉదారంగా పూయబోతే, "రొట్టెకు ఎన్న రాస్తున్నవా? బియ్యపుగింజంత చాలు" అని చేతిమీద చిన్నగా కొట్టింది.

మర్నాటి నుంచి రెండు రోజులు బంద్. బడుల్లేవు, కంప్యూటర్ సెంటర్ లేదు. వాడకట్టులో సాంచాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని కదా, మా గోడగడియారం టిక్కుటిక్కుమంటుందని ఆ రోజే తెలిసింది నాకు. కరెంటు కూడా విచిత్రంగా నిలకడగా ఉంది. ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాం. మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలోకి వెళ్లి అక్క వేగం కొంచెం పెంచేది. తర్వాత ప్రాసెసర్‌తో ఊపిరాడకుండా లెక్కలు చేయించే ప్రోగ్రాం ఒకటి నడిపి, వేడి ఎంతకు చేరుతోందో చూస్తూ కూర్చునేవాళ్లం. నిలబడితే ఇంకాస్త పెంచడం. ఒకచోట తెర బిగుసుకుపోయింది. కాలిపోయిందనుకొని నేను స్విచ్చు దగ్గరికి ఉరికాను. అక్క మాత్రం కొత్త ఊరు చూసినట్టు సంబరపడింది. "దీని హద్దు దొరికింది! ఇంక అంచుల నిలవడద్దు, రెండడుగులు ఎనుకకు" అని తగ్గించింది. రెండో రోజు ఆట పెడితే, అబ్బ, మలుపులో కారు నూనె పోసినట్టు జారిపోయింది! "జరుగు జరుగు! ఎడ్లబండి తోల్తున్నవా?" అని అక్క తెరమీది వాళ్లను తిడుతుంటే అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చూసి నవ్వింది.

శుక్రవారం వచ్చింది. బాపు మొహం తెరమీదికి వచ్చింది. చిన్ని ముద్ద పట్టుకొని స్టూలెక్కింది. ఆయన నోరు తెరిచాడు. అంతే, కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. ఆన్ చేస్తే వచ్చింది, ఆయనతో కలిసేలోపు మళ్లీ పోయింది. చిన్ని స్టూలు దిగి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి మానిటర్ వెనక వెతికింది. అక్కడ లేడు. ఇక అందుకుంది ఏడుపు. బాపు ఫోన్ చేశాడు. అమ్మ ఫోను దాని చెవి దగ్గర పెడితే రెండు చేతులతో తోసేసింది. అవతల ఆయనకు అదంతా వినబడుతూనే ఉంది. అమ్మ అరవలేదు. "జిమ్మ అంటివి కదా ఎస్తేరూ" అంది, అంతే. ప్రశ్న లేని ఎస్తేరక్క మొహం మొదటిసారి చూశాను. నాకు భూమిలోకి పోదామనిపించింది.

మర్నాడు పొద్దున్నే అక్క మా గడప బయట నిలబడింది, లోపలికి రాలేదు. "చిన్నమ్మా, పాత స్పీడుకే పెట్టిస్త. గని ఎందుకాగిందో తెల్వకుంటే మల్ల శుక్రారం సుత గిట్లనే అయితదేమో. ఒక్కపారి చూడనియ్యి" అంది. అమ్మ పక్కకు జరిగింది.

ఆ రోజంతా ఇద్దరం కంప్యూటర్ ముందే. బరువు పని పెట్టగానే మిషన్ ఆగిపోతోంది. ఏం మారింది? ఫ్యాను అదే, వేగం అదే, వేడి కూడా హద్దులోనే ఉంది. సాయంత్రం సాంచాల దగ్గర పగటి షిఫ్టు వాళ్లు దిగేవేళకు మళ్లీ పెట్టాం. ఈసారి ఆగలేదు, చక్కగా నడుస్తోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతలో రాత్రి షిఫ్టు వాళ్లు ఎక్కారు, ఒక్కో షెడ్డులో సాంచాలు అందుకున్నాయి. మా నెత్తిమీద బల్బు మందగించింది. కంప్యూటర్ టప్పుమంది. అక్క బల్బు వంక చూసి నుదురు కొట్టుకొని, కడుపు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది.

"పిల్లా, మనం బంద్ నాడు పరీక్ష పెట్టినమే! సాంచాలు బందుండె, వాడకట్టు కరెంటంత మనకే అచ్చె. పాసైనమని ఎగిరితిమి!"

యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోతే మిషన్‌ను నేరుగా గోడకే తగిలించుకున్నాం. సాంచాలు నడిస్తే లైన్లో ఓల్టేజి పడిపోతుంది. పాత వేగానికి ఆ కాస్త కరెంటు సరిపోయేది. కొత్త వేగానికి ఎక్కువ కావాలి, మా నాసిరకం పవర్ డబ్బా ఇవ్వలేక చేతులెత్తేసింది. ఓల్టేజి ముట్టద్దని నాకు అన్నిసార్లు చెప్పిన మనిషి, గోడలోంచి వచ్చే ఓల్టేజిని మరిచిపోయింది. అది చెప్పి చెప్పి నవ్వింది.

పాత వేగానికి దించి, ఈసారి పక్క షెడ్డు దడదడల మధ్య మళ్లీ మొదలుపెట్టింది. మొదటిదానికంటే చాలా తక్కువలోనే ఆపేసింది. కారు మలుపులో మళ్లీ కొంచెం నత్తిగా నడిచింది. "గింతేనా?" అని మూతి ముడిచాను. "సాంచాలు నడిచేటప్పుడు నిలవడ్డదే మనది. మిగిలింది బంద్‌ది" అంది. తర్వాతి శుక్రవారం బాపు ముద్ద మొత్తం తిన్నాడు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ మిషన్ ఆగలేదు. ఇప్పుడు మా ల్యాబులో ఆన్‌లైన్ పరీక్షలు పెట్టేముందు, ఆదివారం ఖాళీగా ఉంటుంది, అప్పుడు అన్నీ సరిచూద్దాం మేడం అంటారు మావాళ్లు. నేను ఒప్పుకోను. క్లాసులు, ఏసీలు, లిఫ్టు అన్నీ నడుస్తుండగా చూడమంటాను. ఈవిడతో వేగలేమని వాళ్లు అనుకోవడం నాకు తెలుసు.

ఎస్తేరక్క తర్వాత పెళ్లయి కొడిమ్యాల వెళ్లిపోయింది. ఆమె ఇంకా మా పక్కగదిలో ఉండగానే బాపు సెలవు మీద వచ్చాడు. ఆటో దిగి, సామాను అక్కడే వదిలేసి, ఉరికొచ్చి చిన్నిని ఎత్తుకున్నాడు. అది కెవ్వుమంది. దించగానే పరుగెత్తి ఆగివున్న కంప్యూటర్ ముందు నిలబడి "బాపూ, బాపూ" అని దాన్ని పిలవడం మొదలుపెట్టింది. వాకిట్లో బాపు చేతులు అలాగే చాచి ఉన్నాయి. అది చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చిన్నిని లాక్కొచ్చి ఆయనకు ఇవ్వబోయాను.

"ఆగు మౌనికా" అంది ఎస్తేరక్క. ఆమె కంప్యూటర్ ఆన్ చేసి, కెమెరా తెరిచి, చిన్నిని కుర్చీలో కూర్చోబెట్టింది. "చిన్నాయినా, పక్కపొంటి కూసో. పిలవకు. ముట్టకు" అంది. బయట సాంచాలు దడదడలాడుతున్నాయి. తెరమీద బాపు మొహం వచ్చింది. చిన్ని ఏడుపు ఆగింది. ఆ మొహం పక్కనే తన మొహం కూడా ఉంది. దానికి అదేమిటో అర్థం కాలేదు. తెరను చూసింది, పక్కకు చూసింది, మళ్లీ తెరను చూసింది. బాపు ముందుకు వంగబోతే, అక్క గుసగుసగా "ఆగు, అదే అస్తది" అంది. ఆయన మళ్లీ వెనక్కి జరిగి కూర్చున్నాడు. చిన్ని ఒక వేలు చాపి ఆయన చెంపకు తాకించి చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్లీ తాకింది. ఈసారి వేలు తీయలేదు. చెంప తడిగా ఉందని తన గౌను అంచుతో తుడిచింది.

ఇప్పుడు మా ల్యాబుకు కొడిమ్యాల నుంచీ కోనరావుపేట నుంచీ వచ్చే పిల్లల్లో కొందరు మౌసు ముట్టడానికే బెదురుతారు. చేయి పట్టుకొని నొక్కించేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. నేను కుర్చీ జరుపుకొని వాళ్ల పక్కన కూర్చుంటాను, వాళ్ల వేలు వాళ్లే చాపేదాకా నోరు మూసుకుంటాను. నా నోటి సంగతి నీకు తెలుసు కదా ఎస్తేరక్కా, చాలా కష్టంగా ఉంటుంది. అయినా ఆగుతున్నాను.